చెంప పట్టుకుని ఊదిన రోజులు

ఆ ఉదయం పళ్ళు తోముకుని నోట్లో నీళ్ళు పోసుకుంటే ఎడమ పక్కనుంచి చొక్కా మీదికి కారిపోయాయి. నిద్రమత్తు వదల్లేదనుకున్నాను. రెండోసారి పోసుకున్నా అంతే. నా భార్య బొమ్మనహళ్ళిలో గార్మెంట్స్ ఫ్యాక్టరీకి బయలుదేరుతూ టిఫిన్ డబ్బా మూత నొక్కుతోంది. నా వైపు చూసి నవ్వింది.

"పొద్దున్నే యెవర్ని యెక్కిరిస్తాండావు, మూతి అట్ల వంకర పెట్టి?"

ఎవరినీ వెక్కిరించడం లేదని చెప్పబోయాను. మాట సగమే వచ్చింది. పెదాలు కలిస్తే గాని పలకని అక్షరాలన్నీ గాలిగా పోయాయి. ఆమె నవ్వు ఆగిపోయింది. డబ్బా కింద పెట్టి దగ్గరికొచ్చి, నా గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది. నా ఎడమ కన్ను మూతపడడం లేదని ఆమె చెప్తేనే తెలిసింది.

అద్దంలో చూసుకోమంది. నేను అద్దం దగ్గరికి పోలేదు. పెట్టె తెరిచి క్లారినెట్ ముక్కలు బిగించి, వెదురుబద్ద రీడు తడుపుకుని, నోట్లో పెట్టుకుని ఊదాను. స్వరం రాలేదు. ఎడమ మూల నుంచి బుస్సుమని గాలి పోయింది, అంతే.

తొంభైల చివరి రోజులవి. నాకు ముప్పై నాలుగేళ్ళు. మా తాత హిందూపురం వైపు నుంచి వచ్చి నగర్తపేటలో స్థిరపడ్డాడు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడుతూ పెరిగాను. పదిహేనో ఏట నుంచి పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ వాయించేవాణ్ణి. చివరి తొమ్మిదేళ్ళు ముందు వరసలో నిలబడింది నేనే. ఊరేగింపులో నేను పాట ఎత్తుకుంటే మిగతా వాళ్ళందరూ అందుకునేవాళ్ళు. నాకు వేరే పని రాదు. ఆ మాట ఇప్పుడు సులువుగా రాస్తున్నాను గాని అప్పట్లో పైకి అనలేకపోయాను.

సర్కారు ఆసుపత్రిలో డాక్టరు నా కళ్ళలో లైటు వేసి చూసి, నుదురు ముడవమని, పళ్ళు చూపించమని చెప్పి, ముఖానికి పోయే నరం వాచిందన్నాడు. చాలామందికి మూడు నెలల్లో తిరిగి వస్తుందట.

"అందరికీ వస్తుందా?" అని అడిగాను.

"చాలామందికి వస్తుంది" అన్నాడు మళ్ళీ.

కంట్లో వేసుకోవడానికి చుక్కలు, మాత్రలు ఇచ్చి, అద్దం ముందు కూర్చుని చెంపను వేలితో పైకి తొయ్యమన్నాడు. మా పిన్నమ్మ పావురం రక్తం పూస్తే నరాన్ని లాగి సరిచేస్తుందని పావురాన్నే పట్టుకుని ఇంటికొచ్చింది. తీసుకుపొమ్మని కసిరాను. నాలుగో వారంలో నేనే ఆమె ఇంటికి పోయి, ముఖం చూపించి, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. కుడి కన్ను మాత్రమే మూతపడింది. ఆమె చేస్తున్నదంతా ఎడమ కంటితో చూస్తూనే ఉన్నాను.

బ్యాండు మాస్టరు మోసంబీలు పట్టుకుని పరామర్శకు వచ్చాడు. నాకు మొదటిసారి క్లారినెట్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. చాప మీద కూర్చుని చాలాసేపు మా ఇంటి కప్పు వైపే చూశాడు. నా ముఖం చూడలేకపోతున్నాడని అర్థమైంది.

"నీకు బాగయ్యేదంకా చిక్కబళ్ళాపురం ఆయప్పను పిలిపిచ్చుకున్యానప్పా. నీ జాగా నీదే. యాడికీ పోదు" అన్నాడు.

నేను తల ఊపాను. ఆయన పోయాక మోసంబీ తొన ఒకటి నోట్లో పెట్టుకుంటే రసం గడ్డం మీదికి కారింది. ఆ సంచీ తీసి వీధిలోకి విసిరేశాను.

మూడు నెలలూ నేను చెయ్యని పని లేదు. పెదవి మూలకు మందుల షాపు ప్లాస్టర్ అంటించి ఊదాను. తడికి అది ఊడి రీడు మీద పడింది. చెంప లోపల దూది కుక్కుకుని ఊదితే ఊపిరాడక దగ్గు వచ్చింది. పెదవిని బట్టల క్లిప్పుతో పట్టించి ఊదాను. ఆ రోజు నా భార్య కాస్త ముందుగా ఇంటికొచ్చింది. గుమ్మంలో నిలబడి నన్ను, మూతికున్న ఆ క్లిప్పును, గడ్డం మీద రక్తాన్ని చూసింది. దగ్గరికొచ్చి క్లిప్పు తీసి, బయటికి పోయి బట్టల తీగకు తగిలించి, అక్కడే నిలబడి ఏడ్చింది. నాకు ఏడుపు కూడా సరిగ్గా రాలేదు. ఒక పక్క ముఖమే ఏడ్చేది. ఆ రాత్రి నిద్రపోలేక, మర్నాడు ఆమె పనికి పోయాక, డబ్బాలో ఉన్న రీడులను ఒక్కొక్కటిగా విరిచేశాను. క్లారినెట్‌కు బిగించి ఉన్న ఒక్కటి మాత్రం మిగిలింది.

ఇంట్లో ఊదుతుంటే పక్కింటివాళ్ళు వింటారని సిగ్గుగా ఉండేది. నిన్నటిదాకా వాళ్ళు నా సాధన వినడానికి కిటికీలు తీసేవాళ్ళు. అందుకని మా బామ్మర్ది కార్ఖానాకు పోవడం మొదలుపెట్టాను. అక్కడ వెండిరేకు కొడతారు. తోలు పొరల మధ్య వెండి ముక్కలు పెట్టి ముగ్గురు మనుషులు పొద్దుట్నుంచి సాయంత్రందాకా సుత్తులతో బాదుతుంటారు. ఆ చప్పుడులో నా బుసబుస నాకే వినపడేది కాదు. వెనక గోడ దగ్గర ఒక గోనెపట్టా మీద కూర్చుని, ఇవాళ ఏమైనా కాస్త నిలిచిందా అని ఊదుకుంటూ ఉండేవాణ్ణి.

ఒక అమ్మాయి అక్కడికి వచ్చింది. పాతికేళ్ళు దాటినట్టు ఉంది. జీన్స్ ప్యాంటు, భుజాన చిన్న టేప్ రికార్డరు, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు, చేతిలో మైకు. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సొంతూరు కాకినాడ అని తరవాత తెలిసింది. సుత్తుల చప్పుడు రికార్డు చేసుకుంటానని మా బామ్మర్దిని అడిగింది. అతను నవ్వి సరేనన్నాడు. ఆమె మైకు పట్టుకుని ఒక్కో సుత్తి దగ్గరా కాసేపు కూర్చుంది. తరవాత నెమ్మదిగా గోడ వైపు తిరిగింది. మైకు నా వైపే ఉంది. ఆ పరికరానికి నా ఊపిరి వినపడుతోందని నాకు తెలియదు.

హెడ్‌ఫోన్లు తీసి నా దగ్గరికొచ్చింది.

"ఇంకోసారి అలాగే ఊదుతారా, ప్లీజ్?"

ఎగతాళి చేస్తోందనుకున్నాను.

"అది ఊదడం కాదమ్మా. గాలి పోతాంది. నా మూతి సచ్చిపోయినాది, చూస్తే తెలీడంలేదా?"

"సారీ అండీ. నాకు నిజంగా తెలీలేదు. హెడ్‌ఫోన్‌లో చాలా బాగా వినిపించింది, అందుకని అడిగాను" అని, హెడ్‌ఫోన్లు నా చేతికిచ్చి టేపు వెనక్కి తిప్పింది. సుత్తులు మూడు ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయి. వాటి కింద నా ఊపిరి, నా వేళ్ళు క్లారినెట్ మీటల మీద ఆడే టకటకలు. ఎప్పుడో ఒకసారి స్వరం లాంటిది పుట్టి చచ్చిపోతోంది. బాగుందని నాకు అనిపించలేదు. కాని మూడు నెలల్లో నేను ఊదింది ఇంకోసారి ఊదమని అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

అలా ఆమె ఇంటికి పోవడం మొదలైంది. ఆదివారాలు బస్సెక్కి వైట్‌ఫీల్డ్ పోయేవాణ్ణి. హాల్లో సోఫా కూడా లేదు. టేపులు, వైర్లు, పగిలిన మట్టి కుండలు, ఇనుప గొట్టాలు, ఒక వయొలిన్. బస్సు కండక్టరు ఈల, దుకాణం షట్టరు పైకి లేచే చప్పుడు, తోపుడుబండి చక్రం, ఇలాంటివి ఊరంతా తిరిగి పట్టుకొచ్చి, ముక్కలు కోసి వరసగా అతికించేది. ఆ టేపు నడుస్తుండగా తను వయొలిన్ వాయించేది. ఇది సంగీతమేనా అని మొదటి ఆదివారమే అడిగాను. "నాకూ తెలీదండీ. వింటూ వింటూ ఉంటే ఎక్కడో ఒకచోట అవుతుంది" అంది. నాకు అర్థం కాలేదు. వింటూ కూర్చున్నాను.

ఆమె ఇంట్లోనే ఒక ఉపాయం దొరికింది. కూర్చుని క్లారినెట్ కింది భాగాన్ని మోకాళ్ళ మధ్య నొక్కి పెట్టి, కుడి చేత్తో ఎడమ చెంపను గట్టిగా పట్టుకుంటే గాలి సగం ఆగింది. ఇక ఎడమ చెయ్యి ఒక్కటే మిగిలింది. దాని కింద పలికేవి అయిదు స్వరాలు. వాటి చుట్టూ గాలి బుసకొడుతూనే ఉండేది. మూడు స్థాయిలు పరుగెత్తిన వాణ్ణి, అయిదు స్వరాల మధ్య కుంటుతూ తిరిగాను. ఆమె మాత్రం కళ్ళు మూసుకుని వినేది. ఆ వినడం కోసమే వారమంతా ఎదురుచూసేవాణ్ణి. అది చెప్పుకోవడానికి సిగ్గుపడను.

ఇద్దరం కలిసి కచేరీ చేద్దామని, సాధన చేసుకోమని ఆ అమ్మాయి ఒక క్యాసెట్ ఇచ్చింది. సాయంత్రం ఇంట్లో పెట్టి వింటుంటే నా భార్య పని నుంచి వచ్చింది. చెప్పులు విడుస్తూ ఆగిపోయింది.

"అదేంది?"

"కచేరీ టేపు. మీ హోసూరు రోడ్డు పక్క ఏదో ఫ్యాక్టరీ కిటికీకాడ నిలబడి పట్టుకొచ్చినాదంట. కుట్టుమిషన్లు."

"తెలస్తాంది మిషన్లని. ఆపు."

"రవ్వంతసేపు ఉండు, ఇప్పుడు నా వంతు వస్తాది."

ఆమె వచ్చి తనే బటన్ నొక్కింది. "తొమ్మిది గంటలు ఇన్నేది చాల్లేదా నాకు? ఇంటికొస్తే ఇంట్లో కూడా అదేనా? ఇది పాటయితే నేను దినామూ కచేరీ చేసొస్తాండానా? నీళ్ళు తాగను లేస్తే సూపర్‌వైజరు అరిసేది కూడా పట్టుకొచ్చిందా ఆయమ్మ?"

క్యాసెట్ తీసి పెట్టెలో పెట్టాను. కచేరీకి రానని ఆమె అప్పుడే చెప్పేసింది.

ఆ కచేరీ బసవనగుడి వైపు ఒక చిన్న హాలులో జరిగింది. సాయంత్రం వెలుతురు ఉండగానే మొదలైంది. నలభై కుర్చీలు వేస్తే సగం నిండాయి. చాలామంది ఆ అమ్మాయి ఆఫీసువాళ్ళు. మాస్టరును నేనే పిలిచాను. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. గుమ్మం దగ్గర అందరికీ ఇచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోవడం చూశాను.

టేపు మొదలైంది. షట్టరు లేచింది, సుత్తులు పడ్డాయి, ఆమె వయొలిన్ కమాను తీగ మీద ఈడ్చింది. నా వంతు వచ్చినప్పుడు చెంప పట్టుకుని ఊదాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వి, నవ్వు దగ్గులోకి మార్చుకున్నారు. ఇద్దరు లేచి పోయారు. మాస్టరు నేల వైపు చూస్తున్నాడు. పెళ్ళిళ్ళలో నేను పాట ఎత్తుకుంటే ఆయన చెయ్యి తొడ మీద తాళం వేసేది. ఇక్కడ వెయ్యడానికి తాళం లేదు. అరగంట తరవాత చప్పట్లు కొట్టారు.

హాలు బయట మాస్టరు నా భుజం మీద చెయ్యి వేశాడు. జేబులోంచి ఆ కాగితం తీశాడు. నేను ఏడో తరగతి దాకా కన్నడం బడిలో చదివాను. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడమే. ఆయనకు కొంచెం వచ్చు.

"దీంట్లో నీ జబ్బు గురించి రాసుండారప్పా. తెలుసునా నీకు?"

"ఏమని?"

"మూతికి వాతమొచ్చి పాడైపోయిన పెండ్లి బ్యాండు ఆయప్ప, ఆయప్ప తెగిపోయిన ఊపిరి, అని ఏమేమో ఉండాది." కాగితం మళ్ళీ మడిచాడు. గొంతు తగ్గించి, "ఒక మాట చెప్తా, బేజారు చేసుకోవద్దు. ఇంకెవరి ముందరా ఇట్ల ఊదొద్దప్పా. నీ అసలు ఊదుడు ఇన్నోళ్ళకు అదే గుర్తుండనీ" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళే నన్ను చంపేశాయి.

లోపలికి పోయాను. ఆమె వంగి వైర్లు చుట్టుకుంటోంది.

"నా రోగాన్నా నువ్వు కచేరీకి పెట్టింది?" అప్పటిదాకా ఆమెను మీరనే పిలిచేవాణ్ణి.

ఆమె లేచి నిలబడింది. "అలా కాదండీ. చెప్పకపోతే ఆ సౌండ్ ఎందుకలా ఉందో వాళ్ళకి తెలీదు కదా అని…"

"తెలిసి ఏం చేసినారు? నవ్వినారు. కొందరు పాపమన్యారు. నా దగ్గర ఉండేది అయిదు స్వరాలు. అవి ఇనలేదు ఎవరూ. మూతి చూసిపోయినారు."

"నేను విన్నాను" అంది చిన్నగా. "రాసేముందు మిమ్మల్ని అడగాల్సింది. తప్పే."

నేను పెట్టె తీసుకుని బయటపడ్డాను.

రెండు నెలలు ఎక్కడికీ పోలేదు. కార్ఖానాకు కూడా పోలేదు. నా భార్య పనికి పోయినప్పుడు ఎలా పడుకుని ఉన్నానో, వచ్చేసరికి అలాగే ఉండేవాణ్ణి. ఆరో నెలలో ఆసుపత్రికి పోతే డాక్టరు చాలాసేపు పరీక్ష చేశాడు. కన్ను మూతపడుతోంది, మాట తేటపడింది, పెదవి మాత్రం సగమే కదులుతోంది. "వచ్చింది ఇంతే అనుకోండి. ఇంకా కొంచెం రావచ్చు. నమ్మకంగా చెప్పలేను" అన్నాడు. క్లారినెట్ ఊదగలనా అని అడిగాను. ఆయన కాగితం మీద ఏదో రాస్తూ, "వేరే వాద్యం ఏదైనా నేర్చుకోవచ్చు కదా?" అన్నాడు. మంచి మనిషే. ఆ మాట కోపంతో అన్నది కాదు. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. జనం నా పక్కనుంచి దిగిపోతూనే ఉన్నారు. మధ్యాహ్నం అయింది. ఈ మెట్ల మీద నుంచి లేచి ఎందుకు పోవాలో నాకు తోచలేదు.

చివరికి లేచి వైట్‌ఫీల్డ్ బస్సెక్కాను. ఆమెను క్షమించి కాదు. నా నోట్లోంచి వచ్చేది అవసరమైన చోటు ఈ ఊళ్ళో అదొక్కటే మిగిలింది.

ఆదివారం కాదు కాబట్టి ఆమె వచ్చేదాకా వాళ్ళ మెట్ల దగ్గర కాచుకున్నాను. నన్ను చూసి కంగారుగా తాళం తీసింది. మంచినీళ్ళు ఇచ్చింది. చెప్పదలుచుకున్నది నిలబడే చెప్పాను.

"కాగితంలో నా జబ్బు ఉండకూడదు. క్లారినెట్ అని రాయండి, చాలు. ఇంకొకటి. కుట్టుమిషన్ల ముక్క తీసెయ్యాల. మా ఆడది ఆ చప్పుడులోనే పని చేసేది."

ఆమె టేపుల వైపు చూసింది. "మీ ఆవిడ విన్నారా?"

"ఇన్యాది."

"ఏమన్నారు?"

చెప్పాను. దాచకుండా, నా భార్య మాటల్లోనే చెప్పాను. ఆ అమ్మాయి తల వంచుకుంది. "తీసేస్తే మధ్యలో మూడు నిమిషాలు ఖాళీ వస్తుందండీ. టేపులో ఏమీ ఉండదు."

"ఆ మూడు నిమిషాలు నేను ఊదుతా."

రెండో కచేరీకి నా భార్య వచ్చింది. వెనక వరసలో, తలుపు పక్కన కూర్చుంది. అవసరమైతే లేచిపోవడానికి వీలుగా అక్కడ కూర్చున్నానని తరవాత చెప్పింది. కాగితంలో వాద్యాల పేర్లే ఉన్నాయి. పన్ను నొప్పా అని ఎవరో గుసగుసగా అడగడం వినపడింది. టేపు ఆగింది. వయొలిన్ ఆగింది. మూడు నిమిషాలు.

మొదటి స్వరం పట్టుకున్నాను. నిలిచింది. రెండోది నిలిచింది. మూడోదానికి పోయేసరికి చెంప వణకడం మొదలైంది. చేత్తో ఎంత నొక్కినా ఆగలేదు. ఉమ్మి వేళ్ళ మధ్యనుంచి మోచేతిదాకా కారింది. స్వరం చిట్లి గాలి అయిపోయింది. ఆగిపోదామనుకున్నాను. ఆగితే ఏం చెయ్యాలో తెలియక ఊదుతూనే ఉన్నాను, ఉత్త ఊపిరి, దానికింద వేళ్ళ టకటకలు. ఎప్పుడైనా ఒక స్వరం దొరికితే దాన్ని వదలకుండా పట్టుకునేవాణ్ణి, అదీ జారిపోయేది. మూడు నిమిషాలు అంత పొడుగుంటాయని నాకు తెలియదు. హాల్లో ఎవరూ నవ్వలేదు. అది గౌరవమో, భయమో నాకు ఇప్పటికీ తెలియదు.

బస్సులో నా భార్య కిటికీ పక్కన కూర్చుంది. రెండు స్టాపులు పోయాక నోరు విప్పింది.

"యాడ్సినట్ల ఉండె."

"బాగలేదా?"

"బాగుండేదీ బాగలేనిదీ నాకు తెలీదు. ఇంట్లో నువ్వు సరిగా యాడ్వను కూడా లేదు ఇంతవరకు." నా వైపు తిరిగి అడిగింది. "మళ్ళా పోతావా?"

"పోతా."

"పో" అంది. నా చొక్కా చెయ్యి తడిగా ఉంటే కొంగుతో తుడిచింది.

ఆ తరవాత మూడు నాలుగేళ్ళు అలా సాగింది. ఏడాదికి రెండు కచేరీలు, మూడు కచేరీలు. ఎన్నడూ ముప్పై మంది దాటలేదు. స్వరాలు అయిదు నుంచి ఆరయ్యాయి, మళ్ళీ అయిదయ్యాయి. చిక్కబళ్ళాపురం మనిషి బ్యాండులో నా జాగాలో స్థిరపడ్డాడు. మాస్టరు ఆ సంగతి నాతో ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. తరవాత ఆ అమ్మాయికి పుణెకు బదిలీ అయింది. పోయేముందు ఒక సీడీ ఇచ్చింది. అది పట్టుకుని ఒక డాన్సు మాస్టారు దగ్గరికి, ఒక నాటకాలాయన దగ్గరికి పోయాను. డాన్సు మాస్టారు రెండు నిమిషాలు విని, ముఖం నయమయ్యాక రమ్మన్నాడు. నాటకాలాయన సీడీ తీసుకున్నాడు, తిరిగి ఇవ్వలేదు.

ఇప్పుడు నగర్తపేటలో ఒక మూలన కూర్చుని పాత క్లారినెట్లు, శాక్సొఫోన్లు బాగుచేస్తాను. రంధ్రాలు మూసే ప్యాడ్లు మారుస్తాను, వంగిన మీటలు సరిచేస్తాను. ఈ పనికి మూతితో అవసరం లేదు. సరిపోయిందో లేదో చూడ్డానికి మాత్రం తెచ్చినవాళ్ళనే ఊదమంటాను.

మొన్నామధ్య కోలారు వైపు బ్యాండు మనిషి ఒకడు వచ్చాడు. బాగుచేసిన క్లారినెట్ అందుకుని, నిలబడే ఊదాడు. కింది స్థాయి నుంచి పై స్థాయికి ఒక్క గుక్కలో పోయి, అక్కడ నిలబడి, మెల్లగా దిగాడు. వీధిలో పోతున్నవాళ్ళు ఇద్దరు ఆగారు. నేను పనిముట్లు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.

"సరిపోయినాదా అన్నా?" అని అడిగాడు.

"పైన గాంధారంకాడ రవ్వంత గాలి పోతాంది. ఇటియ్యి" అన్నాను. గాలి ఏమీ పోవడం లేదు. వాద్యం తీసుకుని, ఒక ప్యాడును విప్పి, అదే ప్యాడును మళ్ళీ బిగించి ఇచ్చాను. అతను మళ్ళీ ఊదాడు.